బాస్కెట్‌బాల్ పిల్లలకు కదలిక పరీక్షలు: ఏం కొలిచాం, ఏం పక్కన పెట్టాం

మీ గ్రౌండ్‌లో ఇదే పని మొదలుపెట్టాలనుకుంటే, మా దగ్గర వృథా అయిన సమయం మీ దగ్గర కాకూడదని ఈ డైరీ రాస్తున్నాను. మాది గోదావరి జిల్లాల్లో ఒక మున్సిపల్ గ్రౌండ్. సిమెంట్ కోర్టు, ఒక రింగు కింద పగులు, సాయంత్రం ఐదైనా చెప్పుల్లేకుండా నిలబడలేనంత వేడి. 13 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిపి 31 మంది. నేను కోచ్‌ని, డాక్టర్ని కాదు. ఇక్కడే ఆడి పెరిగి, ఇప్పుడు ఫిజియోథెరపీ చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి నాతో కలిసి కొలిచింది.

మా ప్రశ్న ఒక్కటే. సీజన్‌కి ముందు పిల్లల కదలికలు కొలిస్తే ఎవరికి దెబ్బ తగులుతుందో ముందే తెలుస్తుందా? తొందరలో ఉన్నవాళ్లు నేరుగా ఏడో దశ చదువుకోవచ్చు. మీరూ టేపు పట్టుకోబోతుంటే మాత్రం నాలుగో దశ వదలొద్దు.

దశ 1: సామాను

మొదట దర్జీ టేపులు రెండు కొన్నాం. కాలి పొడవు కొలవడానికి మెత్తగా ఉంటుందని. రెండూ కొత్తవే, ఒకే షాపువి. 90 సెం.మీ. దగ్గర రెండింటికీ దాదాపు 1 సెం.మీ. తేడా వచ్చింది. స్టీలు టేపు పక్కన పెట్టి చూస్తే ఒకటి సరిగ్గా ఉంది, రెండోది సాగింది. సాగినదాని మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టి పారేశాం. ముందుకు పోయేకొద్దీ 4 సెం.మీ. తేడాకి కూడా అర్థం వెతుకుతాం కాబట్టి, టేపులోనే 1 సెం.మీ. పోతే పరీక్ష అక్కడే అయిపోయినట్టు.

కాలి పొడవు కొలిచే తీరు:

1. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి నడుము ఒకసారి పైకెత్తించి దించాలి. తుంటి సరిగ్గా కూర్చుంటుంది.
2. నడుము ముందువైపు పొడుచుకొచ్చే తుంటి ఎముక మొన నుంచి, చీలమండ లోపలివైపు గుబ్బ కింది అంచు దాకా టేపు పట్టాలి.
3. రెండు కాళ్లూ విడివిడిగా కొలవాలి. ఒక కాలి కొలత రెండో కాలికి రాసుకోకూడదు.

ఎదిగే వయసు పిల్లల్లో ఈ కొలత నిలవదు. తొమ్మిదో తరగతి అబ్బాయిలకి సీజన్ మధ్యలో మళ్లీ కొలవాల్సి వచ్చింది.

*ఇప్పటివరకు ఖర్చు: దర్జీ టేపులు 40, స్టీలు టేపు 180, మాస్కింగ్ టేపు 150, చాక్‌పీసులు 30. మొత్తం రూ. 400.*

దశ 2: ఏడు పరీక్షల స్కోరు

అందరూ చెప్పేది ఫంక్షనల్ మూవ్‌మెంట్ స్క్రీన్, పొట్టిగా ఎఫ్‌ఎంఎస్. అమెరికాలో గ్రే కుక్, లీ బర్టన్ తయారుచేసింది. గొంతుకూర్చోవడం, అడ్డుతాడు దాటడం, ఒకే గీత మీద లంజ్ (ఒక కాలు ముందుకి వేసి మోకాలు వంచి దిగడం), భుజం కదలిక, పడుకుని కాలు ఎత్తడం, పుషప్, చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి ఒక చేయీ ఒక కాలూ చాపడం, మొత్తం ఏడు. ఒక్కోదానికి 0 నుంచి 3. నొప్పి వస్తే సున్నా. మొత్తం 21కి. పీవీసీ పైపు, ఒక చెక్కపలకతో పని జరిగిపోతుంది.

చేశాక వచ్చిన ఇబ్బందులు:

మొదటిది, అంతా రెండుల గుట్ట. నొప్పి లేదు, పూర్తిగా సరిగ్గానూ లేదు అనిపిస్తే చెయ్యి దానంతటదే 2 వేసేస్తుంది. మా ఇద్దరి మార్కులూ పోల్చుకుంటే ఒకే పిల్లాడికి నాకు 16, ఆ అమ్మాయికి 13 వచ్చిన సందర్భం ఉంది. తేడా అంతా లంజ్, పుషప్‌ల దగ్గరే.

రెండోది, మొత్తం కూడికలో మనిషి మాయమైపోతాడు. ఇద్దరికి 14 వచ్చింది. ఒకరికి భుజాలు బిగుసుకుపోయాయి, అంతే. రెండో అమ్మాయికి లంజ్‌లో మోకాలు నొప్పి, అంటే సున్నా, మిగతావన్నీ బాగున్నాయి. కాగితం మీద ఇద్దరూ ఒకటే. మోకాలు నొప్పి ఉన్న పిల్లని డాక్టరుకి చూపించాలి, భుజాల పిల్లాడికి రోజూ కాస్త సాగదీస్తే చాలు.

ఈ 14 ఎక్కడిదో చూడాలి. 2007లో కైల్ కీసెల్, మరో ఇద్దరు అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ జట్టు ఒకదాన్ని, 46 మందిని చూసి, 14 లేదా అంతకన్నా తక్కువ వచ్చినవాళ్లకి పెద్ద గాయాలు ఎక్కువని రాశారు. ఒక జట్టు, ఒక సీజన్, వేరే ఆట. తర్వాత వచ్చిన సమీక్షలు చాలా అధ్యయనాలని కలిపి చూసి, ఈ స్కోరుకి గాయాన్ని ముందే చెప్పే శక్తి బలహీనం అన్నాయి. అయినా ఆ అంకె ఆటలన్నిటికీ అంటుకుపోయింది. తొమ్మిదో తరగతి అమ్మాయి రీబౌండుకీ (రింగుకి తగిలి తిరిగొచ్చే బంతి కోసం ఎగరడం), వంద కిలోల ఫుట్‌బాల్ ఆటగాడి టాకిల్‌కీ (ఎదుటివాణ్ని పట్టి పడేయడం) ఒకే గీత గీయడం నాకు నప్పలేదు.

ఇంకొక విషయం. గొంతుకూర్చునే పరీక్షలో మా పిల్లల్లో చాలామంది మడమలు లేవకుండా కిందిదాకా వెళ్లిపోయారు. చేతులు పైకెత్తి పైపు పట్టుకోమంటేనే ముందుకి తూలారు. అంటే అక్కడ తగ్గిన మార్కు భుజాలదీ వీపుదీ, చీలమండది కాదు. మార్కు చూసి చీలమండ వ్యాయామాలు ఇచ్చేవాళ్లు ఇది గమనించాలి.

మార్చింది: మొత్తం స్కోరు రాయడం ఆపేశాం. ఏడింటిలో నొప్పి వచ్చిందా లేదా అన్న ఒక్క గడి మాత్రం ఉంచాం.

*ఖర్చు: పైపు 120, పలక 280. మొత్తం రూ. 800.*

దశ 3: గోడకి మోకాలు తగిలించడం

మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే. చవక, తొందరగా అవుతుంది, కొలత నిలబడుతుంది.

1. చెప్పులు, సాక్సులు తీసేసి గోడకి ఎదురుగా నిలబడాలి. నేల మీద గోడకి లంబంగా స్కేలు టేపు అంటించి, దాని మీద బొటనవేలు, మడమ మధ్యభాగం ఉంచాలి.
2. మడమ ఎత్తకుండా మోకాలు వంచి గోడకి తగిలించాలి.
3. తగిలితే కాలు వెనక్కి జరిపి మళ్లీ ప్రయత్నించాలి. మడమ లేవకుండా తగిలిన చివరి దూరం, గోడ నుంచి బొటనవేలు కొన దాకా, రాసుకోవాలి.
4. రెండు కాళ్లూ కొలవాలి.

మొదటి సాయంత్రం కొలతలన్నీ తీసేయాల్సి వచ్చింది, మూడు కారణాల వల్ల. కాంపౌండు గోడ ప్లాస్టరు ఎగుడుదిగుడు, ఒక్కో చోట అర సెం.మీ. దాకా తేడా. నేల వేడికి పిల్లలు కాలు నిలకడగా పెట్టలేదు. కొందరిని ప్రాక్టీసు ముందు, కొందరిని ప్రాక్టీసు తర్వాత కొలిచాం. ఒక పిల్లాడిని రెండుసార్లూ కొలిచి చూస్తే ఆట తర్వాత 1 సెం.మీ.కి పైగా పెరిగింది. కాళ్లు వేడెక్కితే వదులవుతాయి మరి.

మార్చింది: స్టోర్‌రూమ్ తలుపు చెక్క, నీడ, ప్రాక్టీసుకి ముందే. మడమ కింద రసీదు కాగితం ముక్క పెట్టి లాగుతాం. వచ్చేస్తే మడమ లేచినట్టే, ఆ ప్రయత్నం చెల్లదు. కాగితం రాకముందు మడమ లేవడాన్ని కంటితో పట్టుకోవాలని నేలకి తల ఆనించి చూసేవాణ్ని, వీధిలో పోయేవాళ్లంతా నాకేమైందో అనుకున్నారు.

ఒక్కో సెంటీమీటరు చీలమండ వంపులో సుమారు 3.6 డిగ్రీలతో సమానం. ఇదెందుకు ముఖ్యమంటే, 2011లో వచ్చిన ఒక అధ్యయనం 75 మంది జూనియర్ ఎలీట్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లని ఏడాదిపాటు గమనించింది. చీలమండ వంపు 36.5 డిగ్రీల కన్నా తక్కువ ఉన్నవాళ్లలో మోకాలిచిప్ప కింది స్నాయువు నొప్పి, అందరూ జంపర్స్ నీ అనేది, చాలా ఎక్కువగా కనబడింది. చీలమండ వంగకపోతే దిగేటప్పుడు ఆ బరువంతా పైన మోకాలు మింగాలి. కారణం అర్థమవుతోంది కాబట్టి ఈ కొలత చూసి ఏం చేయాలో కూడా అర్థమవుతుంది.

మా 31 మందిలో 10 సెం.మీ. చేరనివాళ్లు 8 మంది. వాళ్లలో ఎక్కువమందికి ఒక కాలే తక్కువ, ఆ కాలే ఎప్పుడో బెణికింది. ఇది ఆరో దశలో మళ్లీ వస్తుంది.

*ఖర్చు లేదు. మొత్తం రూ. 800. కొలిచినవాళ్లు 31.*

దశ 4: ఒంటికాలి మీద నిలబడి మూడు దిక్కులా చాపడం

బాస్కెట్‌బాల్‌కి నేరుగా సంబంధించిన పేరున్న పరీక్ష ఇది. 2006లో ఫిల్ ప్లిస్కీ బృందం అమెరికాలో 235 మంది హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లని కొలిచింది. ముందుకి చాపినప్పుడు కుడి ఎడమల మధ్య 4 సెం.మీ.కి మించి తేడా ఉన్నవాళ్లకి కాళ్ల గాయం వచ్చే అవకాశం 2.5 రెట్లు. అమ్మాయిల్లో మూడు దిక్కుల సగటు కాలి పొడవులో 94 శాతం కన్నా తక్కువైతే 6.5 రెట్లు. ఈ అంకెలు చూసే మేం ఈ పనిలోకి దిగాం.

రెడీమేడ్ కిట్ కొనలేదు. నేల మీద టేపుతో గీశాం. కిట్ మీదా నేల మీదా వచ్చే దూరాలు ఒకటి కావు, ముఖ్యంగా ముందు దిక్కున. ఒకదాని అంకెలు ఇంకోదానితో పోల్చకండి. ప్లిస్కీ అధ్యయనం చేసింది నేల టేపు పద్ధతిలోనే.

ముందు గీతకీ వెనక రెండు గీతలకీ మధ్య 135 డిగ్రీలు, వెనక రెండింటి మధ్య 90 ఉండాలి. కోణమానిని లేకుండా ఇలా గీయొచ్చు:

1. కోర్టు మూల, అంటే సైడ్‌లైన్ బేస్‌లైన్ కలిసే చోటు తీసుకోండి. 90 డిగ్రీలు అక్కడే సిద్ధంగా ఉంది. వెనక దిక్కులు ఆ రెండు గీతలే.
2. మూల నుంచి రెండు గీతల మీదా 1 మీటరు దగ్గర గుర్తు పెట్టండి. గుర్తుల మధ్య దూరం 141.4 సెం.మీ. రావాలి. మా కోర్టులో మొదట ఎంచుకున్న మూలలో 139 వచ్చింది, అంటే మూల రెండు డిగ్రీలు తక్కువ. అవతలి మూల 141 ఉంది, అదే వాడాం.
3. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా సగంలో చుక్క పెట్టి, అక్కడి నుంచి మూల మీదుగా కోర్టు బయటికి దారం లాగండి. బయటికి పోయిన భాగమే ముందు గీత.
4. పిల్లలు కోర్టు బయటివైపు ముఖం పెట్టి, బొటనవేలు కొన మూల మీద ఉంచి నిలబడాలి. చేతులు నడుము మీద.
5. రెండో కాలి బొటనవేలితో గీతని తాకీ తాకనట్టు తాకి వెనక్కి రావాలి. బరువు ఆ కాలి మీద వేసినా, నిలబడ్డ మడమ లేచినా, చేతులు జారినా చెల్లదు.

బరువు వేశారో లేదో చూడటానికి గీత మీద చాక్‌పొడి చల్లాం. తాకితే చిన్న చుక్క పడుతుంది. బరువు వేస్తే మచ్చ పడుతుంది. బాగా పనిచేసింది, గాలి లేనంతవరకు.

లెక్క: మూడు దూరాలు కూడి, కాలి పొడవుకి మూడు రెట్లతో భాగించి, వందతో గుణించాలి. కాలి పొడవు 92, దూరాలు 60, 98, 94 అయితే 252ని 276తో భాగిస్తే 91.3 శాతం.

అసలు చిక్కు ఇప్పుడు. ఈ పరీక్షని చేసేకొద్దీ నేర్చుకుంటారు. మొదటి ప్రయత్నానికీ ఆరో ప్రయత్నానికీ ఒకే పిల్లాడికి బోలెడు తేడా. అందుకే కొలిచేముందు ప్రాక్టీసు ప్రయత్నాలు ఇవ్వాలి. ఒక్కో దిక్కుకి ఆరు ప్రాక్టీసు, మూడు కొలత అంటే 31 మందికి, రెండు కాళ్లకి, మూడు దిక్కులకి 1,674 సార్లు కాలు చాపాలి. చీకటి పడిపోయింది, పిల్లల తొడలు వణికాయి, చివర్లో వచ్చినవాళ్ల దూరాలు తక్కువ పడ్డాయి. నాలుగు ప్రాక్టీసు సరిపోతుందని కూడా పరిశోధన ఉంది. అలా తగ్గిస్తే 1,302. పది మందిని ఒక రోజు చొప్పున పంచుకున్నాం.

తర్వాత ఆరుగురిని ఎంచి, కొన్ని రోజుల తేడాతో, ఇద్దరం విడివిడిగా మళ్లీ కొలిచాం. ముందు దిక్కున మా ఇద్దరి తేడా ఎక్కువలో ఎక్కువ 2 సెం.మీ. వెనక బయటివైపు 5 సెం.మీ. దాకా. అంటే 4 సెం.మీ. ఎడమ కుడి తేడా అనేది వెనక దిక్కుల్లో మా చేతివాటం కిందికే వస్తుంది. దాని మీద ఎవరినీ 'రిస్కు' అనలేం.

మీరు వేరే ఏ పరీక్ష ఎంచుకున్నా ఈ ఒక్కటి మాత్రం చేయండి: అరడజను మందిని రెండోసారి కొలవండి. పుస్తకంలో ఉన్న కటాఫ్ కన్నా మీ తప్పు పెద్దదైతే ఆ కటాఫ్ మీకు పనికిరాదు.

మార్చింది: ముందు దిక్కు తేడా మాత్రమే ఉంచాం. అలా చూస్తే 4 సెం.మీ. దాటినవాళ్లు 12 మంది.

*ఖర్చు: మరో రెండు మాస్కింగ్ టేపులు 100. మొత్తం రూ. 900.*

దశ 5: పెట్టె మీంచి దూకడం, వీడియో

30 సెం.మీ. ఎత్తు ప్లైవుడ్ పెట్టె వడ్రంగితో చేయించాం. పెట్టె మీంచి తన ఎత్తులో సగం దూరం ముందుకి దూకి, దిగీ దిగగానే పైకి ఎగరాలి. ఎదురుగా ఒక ఫోను, పక్కన ఒక ఫోను. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా, బిగుసుకుని దిగుతున్నారా, ఒక కాలు ముందు తగులుతోందా అని చూడటం.

చెడినవి:

- మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు. నేల తగిలిన క్షణం రెండు ఫ్రేముల మధ్య పోతోంది. స్లో మోషన్ 240లో పెట్టాక తేలింది. దానికి వెలుతురు ఎక్కువ కావాలి, ఆరు దాటితే అంతా మసక.
- మోకాలి గుర్తు కోసం స్టిక్కర్ బొట్టుబిళ్లలు అంటించాం. రంగు బాగా కనబడింది, చెమటకి రెండో దూకుడుకే ఊడిపోయాయి. సర్జికల్ టేపు చతురస్రం మీద స్కెచ్ పెన్ను చుక్క నిలిచింది.
- వదులు షార్ట్సు మోకాలిని మూసేస్తాయి. నడుము దగ్గర మడిచి రబ్బరు బ్యాండ్ వేయించాం.
- ఫోను చేత్తో పట్టుకుంటే కోణం మారి, బాగున్న మోకాలు కూడా లోపలికి వాలినట్టు కనిపిస్తుంది. స్టాండు మోకాలి ఎత్తులో పెట్టి, నేల మీద దాని కాళ్లకి గుర్తులు పెట్టాం.

పిల్లలు మైనర్లు. తల్లిదండ్రుల సంతకం తీసుకున్నాం, ఫ్రేములో నడుము కిందే ఉంచాం, మార్కు రాసుకోగానే వీడియో తీసేశాం. దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

ఈ పరీక్ష గురించి రెండు మాటలు. 2005లో టిమోతీ హ్యూయెట్ బృందం సాకర్, బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆడే 205 మంది అమ్మాయిలని చూసింది. తర్వాత ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు) తెగిన 9 మందిలో దిగేటప్పుడు మోకాలు లోపలికి పడటం ఎక్కువని తేల్చింది. 2016లో నార్వేలో హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడే ఏడు వందలకి పైగా మహిళలతో ఇలాంటి దూకుడు పరీక్షే చేస్తే, దీంతో తెగేవాళ్లని తెగనివాళ్ల నుంచి విడదీయలేమని వచ్చింది. కాబట్టి 'నీ మోకాలు తెగుతుంది' అని ఏ పిల్లకీ చెప్పలేదు. దిగడం నేర్పడానికి మాత్రం వీడియో బ్రహ్మాండంగా ఉంది. తన దూకుడు తను చూసుకున్న పిల్ల తర్వాతి దూకుడుకే మోకాళ్లు వంచి మెత్తగా దిగింది. నేను నెలల తరబడి అరిచినా రానిది.

*ఖర్చు: పెట్టె 1,100, స్టాండ్లు 800, బొట్టుబిళ్లలు, సర్జికల్ టేపు 100. మొత్తం రూ. 2,900.*

దశ 6: అడగడం, రిజిస్టరు

ముందు గూగుల్ ఫారం పంపాం: ఇంతకుముందు చీలమండ బెణికిందా? ముగ్గురు అవునన్నారు. మూడో దశలో కొలతలు చూశాక అనుమానం వచ్చి, ఆ ఫిజియో అమ్మాయి ఒక్కొక్కరిని పక్కకి కూర్చోబెట్టి అడిగింది. 'ఎప్పుడైనా కాలు మడతపడి, సున్నం బెల్లం పట్టు వేయించుకున్నావా? కట్టు కట్టించుకున్నావా?' పది మంది తేలారు. వాళ్ల లెక్కలో డాక్టరు దగ్గరికి వెళ్తేనే గాయం, ఇంట్లో పట్టు వేస్తే గాయం కాదు. ఆ మాటతో అడగాలని ఏ విదేశీ ఫారంలోనూ ఉండదు.

వారానికోసారి నొప్పి గురించి అడగడం కూడా మొదట వాట్సాప్‌లోనే. అందరూ 'లేదు సార్'. సెలక్షన్లు ముందున్నాయి, నాకు చెబితే జట్టులోంచి తీసేస్తానని టెన్షన్. ఓస్లో స్పోర్ట్స్ ట్రామా రీసెర్చ్ సెంటర్ వాళ్ల నాలుగు ప్రశ్నల పద్ధతి తీసుకుని కాగితం స్లిప్పులుగా మార్చాం: ఆడటంలో ఇబ్బంది పడ్డావా, ప్రాక్టీసు తగ్గించావా, ఆట తగ్గిందా, నొప్పి ఎంత. స్లిప్పు నాకు కాదు, ఆ అమ్మాయికి ఇవ్వాలి. నొప్పి రాసినంత మాత్రాన జట్టులోంచి తీయనని అందరి ముందూ చెప్పాను. ఆ వారమే మోకాలు నొప్పులు ఐదు బయటపడ్డాయి. అందులో ఇద్దరికి మోకాలిచిప్ప కింద ఎముక గుబ్బ దగ్గర నొప్పి, ఎదిగే పిల్లల్లో వచ్చేది. వీళ్లెవరూ ప్రాక్టీసు ఒక్కరోజు కూడా మానలేదు. 'మానితేనే గాయం' అని రాసుకుంటే ఇవి రిజిస్టరుకే ఎక్కవు.

రిజిస్టరులో గడులు: తేదీ, ఎవరు వచ్చారు, ఎంతసేపు, దెబ్బ తగిలితే ఏ డ్రిల్లులో, ఎలా. ఆ చివరి గడి పెట్టమన్నది ఫిజియో అమ్మాయి. ప్రాజెక్టులో ఎక్కువ పనికొచ్చింది అదే.

దెబ్బ తగిలినప్పుడు కోర్టు పక్కనే చూసుకునే నియమం గోడకి అంటించాం: నాలుగడుగులు వేయలేకపోతే, లేదా చీలమండ గుబ్బల వెనక అంచు నొక్కితే నొప్పి ఉంటే, లేదా పాదం బయటి అంచు మధ్యలో, లోపలివైపు చీలమండ ముందున్న ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రేకి. మోకాలు 'టప్' మని కొన్ని గంటల్లో వాచిపోతే నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి. పట్టులు ఆ తర్వాత.

*ఖర్చు: రిజిస్టరు, జిరాక్సులు 140. మొత్తం రూ. 3,040.*

దశ 7: లెక్క సరిచూడటం

సీజన్ అయ్యాక రిజిస్టరు తీశాం. ఆట మానాల్సి వచ్చిన గాయాలు 8. అందులో ఒకటి పాసు అందుకోబోయి వేలు బెణకడం, దానికి కాళ్ల పరీక్షతో సంబంధం లేదు. మిగిలినవి 7, ఏడుగురు వేర్వేరు పిల్లలకి: చీలమండ 4, మోకాలు 2, తొడ కండరం 1.

ముందు దిక్కు తేడా 4 సెం.మీ. దాటిన 12 మందిలో గాయపడినవాళ్లు 3. దాటని 19 మందిలో 4. అంటే నాలుగో వంతుకీ ఐదో వంతుకీ మధ్య తేడా. మా పరీక్ష జాబితా పట్టుకుని ఆ 12 మందికి మాత్రమే వ్యాయామాలు ఇచ్చి ఉంటే, గాయపడినవాళ్లలో సగానికి పైగా బయటే ఉండేవాళ్లు.

పాత బెణుకు ఉన్న 10 మందిలో 5. లేని 21 మందిలో 2.

31 మందితో ఏదీ రుజువు కాదు, ఒక్క పిల్లాడు అటు ఇటు అయితే అంకెలు మారిపోతాయి. కానీ ఈ రెండో వరస పెద్ద అధ్యయనాలు చెప్పే దిక్కులోనే ఉంది. 2001లో ఆస్ట్రేలియాలో మెక్‌కే బృందం బాస్కెట్‌బాల్‌లో పదివేలకి పైగా ఆటగాళ్ల హాజరుల్ని (ఒక ఆటగాడు ఒకసారి ఆటకి దిగితే ఒక హాజరు) గమనించింది. పాత చీలమండ గాయం ఉన్నవాళ్లకి మళ్లీ తగిలే అవకాశం దాదాపు ఐదు రెట్లు. గాయాల్లో 45 శాతం దిగేటప్పుడే.

నార్వే పరిశోధకుడు రోఆల్డ్ బార్ 2016లో రాసిన వాదన కూడా ఇప్పుడు అర్థమైంది. గాయపడేవాళ్ల మార్కులూ పడనివాళ్ల మార్కులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. గుంపుల సగటుల్లో తేడా ఉండొచ్చు, మధ్యలో గీత గీసి ఇటు ప్రమాదం, అటు క్షేమం అనలేం. నివారణ వ్యాయామం అందరికీ ఇవ్వడమే మేలు.

ఇక రిజిస్టరు చివరి గడి. చీలమండ గాయాలు నాలుగింటిలో మూడు రింగు కింద, రీబౌండుకి ఎగిరి ఇంకొకరి పాదం మీద దిగడం వల్ల. అవీ ఐదుగురు ఒకే రింగు కింద గుమిగూడే డ్రిల్లులో. ఏ టేపూ, ఏ పెట్టే ఇది చూపించలేదు. పిల్లల కాళ్లలో వెతుకుతున్నది నా డ్రిల్లులో ఉంది.

దశ 8: ఏం మార్చాం

రీబౌండు డ్రిల్లులో రింగు కింద ముగ్గురికి మించి లేరు. మిగతావాళ్లు పక్క రింగు దగ్గర, పగులు నింపాక. పగులుని సిమెంటు, సన్న ఇసుకతో నింపి పైన రుద్దించాం. ప్రాక్టీసుకి ముందు కోర్టు ఊడవడం వంతులవారీగా.

పాత బెణుకు ఉన్న పది మందికి లేసులు కట్టే చీలమండ బ్రేసులు (చీలమండకి పట్టుగా తొడిగేవి). ఇద్దరికి రెండు కాళ్లకీ కావాలి, మొత్తం 12. దీనికి ఆధారం గట్టిది: 2011లో టిమోతీ మెక్‌గైన్ బృందం అమెరికాలో 1,460 మంది హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లతో చేసిన ప్రయోగంలో, వెయ్యి హాజరులకి చీలమండ గాయాలు బ్రేసు వేసుకోనివాళ్లలో 1.41, వేసుకున్నవాళ్లలో 0.47. తగిలిన గాయం తీవ్రత మాత్రం తగ్గలేదు. మా ఎండలో పిల్లలు బ్రేసు తీసి సంచిలో పెట్టేస్తున్నారు. పలుచటి కాటన్ సాక్సు లోపల, బ్రేసు పైన వేసుకుంటే ఒరుపు తగ్గింది.

అందరికీ వార్మప్. మొదట ఇరవై నిమిషాలు రాశాం, ఎవరూ పూర్తి చేయలేదు. ఇంట్లో చేసుకురమ్మంటే అసలే లేదు. ఇప్పుడు పన్నెండు నిమిషాలు, ఇలా:

1. కోర్టు అడ్డంగా జాగింగ్, పక్కకి జరగడం, వెనక్కి పరుగు.
2. ఒంటికాలి మీద నిలబడి పక్కవాడితో పాసులు, ఒక్కో కాలికి 30 సెకన్లు. పాత బెణుకు వాళ్లు ఊగే పలక మీద.
3. గోడకి మోకాలు తగిలించడం, మూడో దశలోదే, ఇప్పుడు వ్యాయామంగా, ఒక్కో కాలికి పది.
4. ముందుకి దూకి, రెండు కాళ్ల మీద చప్పుడు రాకుండా దిగి, రెండు సెకన్లు కదలకుండా ఆగడం.
5. అదే ఒంటికాలి మీద. తర్వాత గాల్లో భుజం తాకుతూ ఎదుటివాడు కాస్త నెట్టాక దిగడం.
6. మోకాళ్ల మీద కూర్చుని, పక్కవాడు మడమలు పట్టుకోగా మెల్లగా ముందుకి వాలడం, నాలుగు సార్లతో మొదలు.

ఊగే పలకలు వడ్రంగి మిగులు చెక్కతో నాలుగు చేశాడు. మొదటి పలక అడుగు గుండు మరీ ఎత్తు, నేనే పడబోయాను. గుండుని 5 సెం.మీ.కి చెక్కించాం.

వార్మప్ జరిగేలా చేసింది మాత్రం తాళంచెవి. బంతుల సంచి ఉన్న గదికి తాళం వేసి, ఆరో నంబరు పూర్తయ్యాకే కెప్టెన్ చేతికి ఇస్తున్నాం. బంతి ముందు చేతికొస్తే మా వాళ్లు షూటింగ్‌కి తప్ప దేనికీ రారు.

*ఖర్చు: బ్రేసులు ఒక్కోటి 680 చొప్పున 8,160, పలకలు 1,000. మొత్తం రూ. 12,200. బ్రేసుల డబ్బులో సగం తల్లిదండ్రులు, సగం పాత ఆటగాళ్లు పెట్టారు.*

వచ్చే సీజన్‌కి ఉంచినవి, తీసేసినవి

ఉంచినవి: నొప్పి ఉందా అన్న గడి, గోడ పరీక్ష, పక్కన కూర్చోబెట్టి పాత గాయాలు అడగడం, వారం స్లిప్పు, 'ఎలా తగిలింది' గడి. అందరికీ కలిపి ఒక సాయంత్రం సరిపోతుంది.

తీసేసినవి: ఎఫ్‌ఎంఎస్ మొత్తం స్కోరు, ఒంటికాలి పరీక్ష వెనక దిక్కులు. ముందు దిక్కుని మాత్రం బెణికిన పిల్లలు తిరిగి ఆటలోకి వచ్చేటప్పుడు, వాళ్ల సీజన్ ముందు కొలతతో పోల్చడానికి వాడుతున్నాం. అప్పుడు కొలిచేది కూడా మొదట కొలిచిన మనిషే.

పెట్టె దూకుడు పరీక్ష జాబితాలో లేదు, కోచింగ్ సామాను కింద ఉంది. స్టాండ్లలో ఒకదాని క్లిప్పు విరిగింది. రెండో రింగు బోర్డు బోల్టులు వదులయ్యాయి, అవి బిగించేదాకా ఆ వైపు రీబౌండు డ్రిల్లు ఆపాం.